వాచ్‌మన్ కుటుంబానికి అపార్ట్‌మెంట్ చేయాల్సిన పనులు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చేయాలి

హైదరాబాద్‌లో ఎవరికైనా సేవ చేయాలనిపిస్తే ముందు కారు తీస్తారు. చలికాలంలో దుప్పట్లు పంచడానికో, పిల్లాడి పుట్టినరోజుకి ఆశ్రమంలో భోజనాలు పెట్టించడానికో బయల్దేరతారు. తప్పేం లేదు. కానీ ఆ కారుకి గేటు తీసే మనిషికి నెలలో ఒక్కరోజు సెలవుండదు. వాళ్ల పాప బడి మానేసి చాలాకాలమై ఉంటుంది. వాళ్ల రేషన్ కార్డు ఊళ్లో ట్రంకు పెట్టెలో పడి ఉంటుంది. ఈ మూడింటినీ సరిచేయడం మన చేతిలో పని. ఒక్కటి కూడా పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు.

ఇక్కడ చెప్పేది పదిహేను నుంచి నలభై ఫ్లాట్లుండే మామూలు అపార్ట్‌మెంట్ల గురించి. పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో సెక్యూరిటీ ఏజెన్సీలుంటాయి, అక్కడి లెక్క వేరు. మనలాంటి బిల్డింగుల్లో పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో, ఒడిశా నుంచో వచ్చిన భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, కింద ఒక గది. ఆయన మోటారు వేస్తాడు, కార్లు కడుగుతాడు, పార్సిళ్లు తీసుకుంటాడు. ఆవిడ మెట్లు ఊడుస్తుంది, చెత్త దించుతుంది, పైన నాలుగిళ్లలో గిన్నెలు తోముతుంది.

ఒకమాట ముందే అనుకుందాం. ఇది దానం కింద మొదలుపెడితే నిలవదు. ఏ మూడో అంతస్తు ఆయనో మంచి మనసుతో ఫీజు కడతాడు, ఫ్లాటు అమ్ముకుని వెళ్లిపోతాడు, ఫీజు ఆగిపోతుంది. మెయింటెనెన్స్ లెక్కల్లోకీ, అసోసియేషన్ మినిట్స్ బుక్‌లోకీ ఎక్కిన పనే నిలుస్తుంది. లిఫ్టు ఏఎంసీకి (వార్షిక నిర్వహణ ఒప్పందానికి) ప్రతి ఏడూ ఎవరి దయా అక్కర్లేదు కదా, అలాగన్నమాట.

ముందు కూర్చుని మాట్లాడండి

ఆదివారం మధ్యాహ్నం, కార్లు కడిగే హడావుడి అయ్యాక, ఇద్దరూ ఉన్నప్పుడు వెళ్లండి. ఆయన ఒక్కడినే పైకి పిలిపించి అడిగితే "అంతా మంచిగనే ఉంది సార్" అంటాడు, అక్కడితో సరి. ఆవిడ ఉంటేనే అసలు సంగతులు బయటికొస్తాయి. మీ ఇంట్లో ఆడవాళ్లు ఎవరైనా వెంట వస్తే ఇంకా మంచిది. బాత్రూమ్ తలుపుకి గొళ్లెం లేదన్న మాట అసోసియేషన్ ప్రెసిడెంటు గారికి ఆవిడెలా చెబుతుంది?

పేర్లు అడిగి రాసుకోండి. నవ్వొస్తుందేమో గానీ, అయిదేళ్లుగా పనిచేస్తున్న మనిషి పేరు సగం ఫ్లాట్లకి తెలియదు. వాట్సాప్ గ్రూపులో "వాచ్‌మన్ ఎక్కడ?" అని తప్ప పేరు పెట్టి అడిగేవాళ్లు తక్కువ. ఆ తర్వాత సొంతూరు, పిల్లల వయసులు, ఏ బడి, ఏ తరగతి, రేషన్ కార్డు ఎక్కడుంది, ఎవరికైనా బీపీ, షుగర్ ఉన్నాయా, బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉంది, అప్పులున్నాయా అన్నవి అడగండి. కులం అడగకండి. ఫొటోలు తీయకండి. విన్నది గ్రూపులో పెట్టకండి. మొదటి రోజే ఏ హామీ ఇవ్వకండి కూడా.

అప్పు గురించి మాత్రం కొంచెం తరచి అడగండి. ఊళ్లో ఇల్లు కట్టుకోవడానికో, కూతురి పెళ్లికో అసోసియేషన్ దగ్గరే అడ్వాన్స్ తీసుకుని ఉంటారు. నెలనెలా సగం జీతం అందులోకే పోతుంటుంది. మిగిలింది చాలక గిర్‌గిరి ఫైనాన్స్ (రోజువారీ వసూళ్ల వడ్డీ వ్యాపారం) వాళ్ల దగ్గర మళ్లీ అప్పు చేస్తారు. అడ్వాన్స్ కింద కోత నెల జీతంలో పదో వంతు దాటకూడదని మనకి మనమే నియమం పెట్టుకోవాలి. "అడ్వాన్స్ తీరేదాకా ఎక్కడికీ పోకూడదు" అనే మాట మాత్రం ఎవరి నోటా రానీయకండి. బాకీ చూపించి మనిషిని పనికి కట్టేయడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. అపార్ట్‌మెంట్ అయినా అంతే.

గది లోపలికి వెళ్లి చూడండి

బయట నిలబడి చూస్తే లాభం లేదు, లోపలికి వెళ్లాలి. చాలా బిల్డింగుల్లో కనబడేది ఇది: ఒక గోడకి కరెంటు మీటర్ల బోర్డు, దానికి రెండడుగుల దూరంలో గ్యాస్ పొయ్యి, తీగ మీద ఆరేసిన బట్టలు, బోర్డులోంచి లాగిన వైరుకి టేపు చుట్టి పెట్టిన ఫ్యాను. కిటికీ ఉంటే అది పార్కింగ్ వైపుకి ఉంటుంది. పొద్దున ఎనిమిదికి కార్లు స్టార్ట్ చేస్తే పొగంతా లోపలికే.

గది సెల్లార్‌లో ఉంటే మొట్టమొదటి పని అదే అనుకోండి. తెలంగాణలో 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం సెల్లార్ పార్కింగ్‌కి, నివాసానికి కాదు. నిబంధన సంగతి అటుంచినా, 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన హైదరాబాద్‌లో ఎవరూ మరిచిపోలేదు. సెల్లార్లలోకి నీళ్లొచ్చినప్పుడు పైవాళ్లకి పోయింది కార్లు, కింద ఉండేవాళ్లకి పోయింది ఇల్లు. స్టిల్ట్‌లోనో (నేల మట్టంలో స్తంభాల మధ్య ఉండే పార్కింగ్), పైకప్పు మీదనో గది చూపించగలమా అని బిల్డర్‌నో, ఇంజినీరునో అడగండి. అప్పటిదాకా వాన ఎక్కువైన రాత్రి ఆ కుటుంబం పడుకోవడానికి పైన ఒక చోటు ముందే అనుకుని ఉంచండి. ఖాళీ ఫ్లాటు ఉంటే దాని తాళంచెవి, లేకపోతే కమ్యూనిటీ హాలు, అదీ లేకపోతే మొదటి అంతస్తు లాబీ. రాత్రి రెండింటికి నీళ్లొచ్చాక ఎవరి తలుపు కొట్టాలో తెలియక మోకాళ్ల లోతు నీళ్లలో సామాను ఎత్తుకుంటూ నిలబడే పరిస్థితి రాకూడదు.

గదికి చేయించాల్సిన రిపేర్లు ఒక్క ఎలక్ట్రీషియన్, ఒక్క మేస్త్రీ రెండు రోజుల్లో చేసే పనే. షాక్ కొట్టకుండా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతట అదే ఆగిపోయే స్విచ్), విడిగా స్విచ్ బోర్డు, పొయ్యి పైన ఎగ్జాస్ట్ ఫ్యాను, కిటికీకి దోమల జాలీ, గుమ్మం దగ్గర వాన నీరు రాకుండా చిన్న గట్టు, బాత్రూమ్‌కి లోపలి గొళ్లెం, లైటు. కాగితాలు పెట్టుకోవడానికి గోడకి ఎత్తుగా ఒక అర. ఆ అర ఎందుకో కాసేపట్లో చెబుతాను.

జీతం, సెలవు: లెక్క వేసి చూపించండి

ఇక్కడ ఒక పాత అలవాటు ఉంది. జీతం ఆయనకి మాట్లాడతారు, పని ఇద్దరిచేత చేయిస్తారు. మెట్లు, చెత్త, ట్యాంకర్ వచ్చినప్పుడు పైపు పట్టుకోవడం, ఆయన బజారుకెళ్తే గేటు దగ్గర కూర్చోవడం, ఇవన్నీ ఆవిడ పనులు. "గది ఇచ్చాం కదా" అంటారు. గది ఇచ్చింది రాత్రిళ్లు గేటు తీయడానికి, మన అవసరానికి. ఆవిడ పనికి విడిగా జీతం రాయండి, ఆవిడ ఖాతాలోకే వేయండి.

ఎంత ఇవ్వాలన్నదానికి పక్క అపార్ట్‌మెంట్ వాళ్లని అడగడం సరైన పద్ధతి కాదు, వాళ్లూ మనల్నే అడిగి పెట్టి ఉంటారు. తెలంగాణ కార్మిక శాఖ వెబ్‌సైట్‌లో పనుల వారీగా కనీస వేతనాల పట్టికలుంటాయి. కరువు భత్యం ఏటా ఏప్రిల్ 1, అక్టోబర్ 1 తేదీల్లో మారుతుంది. సెక్యూరిటీ సర్వీసుల పట్టిక దగ్గర పెట్టుకుని మాట్లాడితే మీటింగులో వాదన తగ్గుతుంది.

సెలవు విషయానికొస్తే, "వారానికో రోజు సెలవు" అని కాగితం మీద రాస్తే చాలదు. గేటు పక్కనే గది ఉన్నవాడికి ఆ రోజు కూడా హారన్ వినబడుతుంది, లేచొస్తాడు. బదులు మనిషి ఉంటేనే అది సెలవు. లెక్క ఇలా చూపించండి: నెలకి నాలుగు రోజులు, రోజుకి 700 చొప్పున బదులు మనిషికి 2,800. ఇరవై ఫ్లాట్లుంటే ఫ్లాటుకి 140 రూపాయలు. జీతం మూడు వేలు పెంచితే ఫ్లాటుకి 150. రెండూ కలిపి 290. మెయింటెనెన్స్ పెంచాలంటే గొడవ చేసే మనమే ఒక పిజ్జాకి అంతకన్నా ఎక్కువ పెడతాం, అది వేరే సంగతి.

పండగలకి ఊరెళ్లే సెలవు దీనికి అదనం. ఎవరికి ఏది పెద్ద పండగో వాళ్లనే అడగండి. శ్రీకాకుళం వాళ్లకి సంక్రాంతి, పాలమూరు వాళ్లకి దసరా, ఇంకొకరికి ఊరి జాతర. చావు, పురుడు లాంటివి చెప్పి రావు కాబట్టి అలాంటప్పుడు ఎవరికి ఫోన్ చేస్తే బదులు మనిషి వస్తాడో ఆ నంబరు ముందే ఉంచుకోవాలి.

పదిమంది లోపు పనివాళ్లున్న చోటికి గ్రాట్యుటీ వర్తించదు. పదేళ్లు చేసి వెళ్లిపోయేటప్పుడు చేతిలో పెట్టడానికి ఏమీ ఉండదు. దీనికి సులువైన దారి పోస్టాఫీసు ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్). అయిదేళ్ల పథకం, నెలకి 100 రూపాయల నుంచి కట్టొచ్చు. అసోసియేషన్ తరఫున నెలకి 500 ఆవిడ పేరున కడుతూ పోండి.

మ్యాన్‌హోల్‌లోకి ఎవరినీ దించకండి

మిగతా పనులు ఈ నెల కాకపోతే వచ్చే నెల చేయొచ్చు. ఇది మాత్రం ఇవాళే చేయాలి.

డ్రైనేజీ నిండి సెల్లార్‌లోకి వాసన కొడుతుంది. ఎవరో పైనుంచి "కొంచెం చూడు" అంటారు. ఆయన మూత తీసి వెదురు బొంగు పెట్టి కెలుకుతాడు, రాకపోతే లుంగీ ఎగ్గట్టి దిగుతాడు. మూసి ఉన్న మురుగు గుంతలో సరిపడా ఆక్సిజన్ ఉండదు, హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి విషవాయువులుంటాయి. రెండు మూడు ఊపిర్లకే మనిషి స్పృహ తప్పుతాడు. ఇలాంటి ప్రమాదాల్లో తరచూ ఇద్దరు ముగ్గురు పోతారు, ఎందుకంటే మొదటివాడిని లాగడానికి తమ్ముడో, పక్క బిల్డింగ్ వాచ్‌మనో వెంటనే దిగుతాడు. గ్లౌజులు, ముక్కుకి కండువా దీనికి ఏమాత్రం పనికిరావు.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. రక్షణ లేకుండా మురుగు కాల్వలోకో, సెప్టిక్ ట్యాంకులోకో మనిషిని దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మొదటిసారి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మురుగు కాల్వల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకి ఇచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షలకి పెంచింది. "వాడే దిగాడండీ, మేం దిగమనలేదు" అన్న మాట ఆ తర్వాత ఎవరినీ కాపాడదు.

చేయాల్సింది: హైదరాబాద్ జలమండలి కస్టమర్ కేర్ 155313. ఈ నంబరు మ్యాన్‌హోల్ పక్క గోడ మీద పెయింటుతో రాయించండి, దాని కింద "ఎవరూ దిగరాదు" అని పెద్ద అక్షరాలతో. లోపలి లైను మీదైతే, అంటే జలమండలి లైనుకి కలిసేదాకా ఉన్న భాగం, యంత్రంతో తీసే ప్రైవేటు వాళ్లని పిలవండి. ఆ ఖర్చు కోసం మీటింగ్ అక్కర్లేకుండా సెక్రటరీయే అసోసియేషన్ డబ్బు వెంటనే వాడేలా ముందే తీర్మానం చేసి ఉంచండి. మనిషి దిగేది చాలాసార్లు ఈ ఆలస్యం వల్లే.

మంచినీళ్ల సంపు అయినా ఇదే జాగ్రత్త. మూతలన్నీ తీసి చాలాసేపు గాలి ఆడనివ్వాలి, మోటారు మెయిన్ ఆపాలి, లోపల డీజిల్, పెట్రోల్ పంపులు నడపకూడదు, పైన ఒక మనిషి తాడు పట్టుకుని ఉండాలి. ఇదంతా తెలిసిన ట్యాంక్ క్లీనింగ్ వాళ్లకి అప్పగించడమే మేలు. మీ వాచ్‌మన్‌కి ఇది తెలిసినా, సరే.

కాగితాల ఫోల్డర్

ఇప్పుడు ఆ అర సంగతి. జిప్ ఉన్న ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ కొనివ్వండి. అందులో అందరి ఆధార్ జిరాక్సులు, బ్యాంకు పాస్‌బుక్, రేషన్ కార్డు కాపీ, పిల్లల జనన ధ్రువపత్రాలు, బడి కాగితాలు ఉండాలి. ఒరిజినల్స్ వాళ్ల దగ్గరే ఉండాలి. "భద్రంగా ఉంటాయి, నా దగ్గర పెట్టు" అని ఎవరూ తీసుకోకూడదు.

అన్నిటికన్నా ముందు ఆధార్‌కి ఫోన్ నంబరు లింకు అయ్యిందా చూడండి. ఊళ్లో ఎప్పుడో ఇచ్చిన నంబరు ఎవరి దగ్గరుందో తెలియదు, ఓటీపీ అక్కడికి పోతుంది, ఇక్కడ ఏ పనీ ముందుకు కదలదు. ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లొచ్చు, లేదా ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు తరఫున పోస్ట్‌మన్ ఇంటికొచ్చి కూడా నంబరు మారుస్తారు.

ఫోన్ నంబరు మార్చండి, అడ్రసు మాత్రం వాళ్లు అడిగితే తప్ప మార్చకండి. ఉత్సాహం ఉన్న ఫ్లాట్ల వాళ్లు ముందు చేసే పని ఇదే, "ఇక్కడి అడ్రసు పెట్టిద్దాం" అని. వాళ్ల భయం వాళ్లది: "మా ఊర్ల ఓటుంది, ఎకరం భూముంది సార్. ఈడికి మారిస్తే ఆడ ఏమన్న అయితదేమో." ఆ భయంలో అర్థం ఉంది. అమ్మానాన్నల పింఛను, ఇంటి స్థలం, ఉపాధి హామీ జాబ్ కార్డు, అన్నీ ఊరితో ముడిపడి ఉంటాయి. ఈ బిల్డింగులో వాళ్లు ఎన్నాళ్లుంటారో మనకీ తెలియదు.

రేషన్‌కి అడ్రసు మార్చాల్సిన అవసరమే లేదు. వన్ నేషన్ వన్ రేషన్ కార్డ్ పద్ధతి మొదట 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్యే ప్రయోగాత్మకంగా మొదలైంది (గుజరాత్, మహారాష్ట్రల మధ్య కూడా). తెలంగాణ కార్డైతే రాష్ట్రంలో ఏ షాపులోనైనా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. పక్క రాష్ట్రం కార్డైతే అది జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఇచ్చినదై ఉండాలి. కుటుంబంలో అందరి ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం) అయ్యిందో లేదో అదే షాపులో అడగండి, అది ఆగితే పేర్లు తీసేసే ప్రమాదం ఉంది. డీలర్ "బయటి కార్డులకి ఇవ్వం" అంటే మొదటిసారి మీరు వెంట వెళ్లండి. ప్యాంటు, షర్టు వేసుకుని పక్కన నిలబడటమే ఇందులో మీ పని. ఇలా ఉండకూడదు గానీ, ఉంది.

అసంఘటిత కార్మికుల కోసం ఈ-శ్రమ్ నమోదు 2021 ఆగస్టులో మొదలైంది. 16 నుంచి 59 ఏళ్ల మధ్య ఉండి, పీఎఫ్, ఈఎస్ఐ లేని వాళ్లకి. ఉచితం. ఫోన్‌లోనే చేయొచ్చు. ఇద్దరికీ విడివిడిగా చేయించండి, ఇళ్లల్లో పనిచేసే ఆవిడ కూడా కార్మికురాలే.

కేంద్ర ప్రభుత్వ ఇన్సూరెన్స్ పథకాలు రెండు. బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకి సురక్ష బీమా ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ల వరకు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. జీవన్ జ్యోతి ఏడాదికి 436, 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి, ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు. ఇద్దరికీ కలిపి ఏడాదికి 912. ఇరవై ఫ్లాట్ల మీద పంచితే ఒక్కొక్కరికి 46 రూపాయలు కూడా పడదు. ఇవి జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తాయి, మే నెలాఖరులో ఖాతాలోంచి డబ్బు దానంతట అదే కట్ అవుతుంది. ఆ సమయానికి ఖాతాలో బ్యాలెన్స్ లేకపోతే పాలసీ పోయినట్టే, పోయినట్టు ఎవరూ చెప్పరు కూడా. అందుకే మే 20 నాటికి ఇద్దరి ఖాతాల్లో 500 చొప్పున ఉండేలా ట్రెజరర్ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవాలి. నామినీ పేరు సరిగ్గా ఉందో లేదో కూడా అప్పుడే చూడండి.

పింఛను కోసం కేంద్ర ప్రభుత్వ పథకం శ్రమ్ యోగి మాన్‌ధన్ ఉంది. 18 నుంచి 40 ఏళ్ల వాళ్లకి, నెలాదాయం 15,000 లోపు. చేరే వయసుని బట్టి నెలకి 55 నుంచి 200 రూపాయలు కడితే ప్రభుత్వం అంతే కలుపుతుంది, 60 దాటాక నెలకి 3,000 వస్తుంది. వయసు నలభై దాటితే ఇది కుదరదు, అప్పుడు పైన చెప్పిన ఆర్‌డీయే దిక్కు.

ఆరోగ్యం సంగతి క్లుప్తంగా: దగ్గరలో బస్తీ దవాఖానా ఎక్కడుందో చూపించండి. 2018 నుంచి ఉన్నాయి, మామూలు జ్వరాలకి, బీపీ, షుగర్ మందులకి, రక్తపరీక్షలకి డబ్బు కట్టనక్కర్లేదు. మందుల షాపులో కౌంటర్ మీద అడిగి తెచ్చుకునే మాత్రల అలవాటు దీనితో తగ్గుతుంది. పెద్ద జబ్బులకి తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు.

పిల్లలు

కుటుంబం నవంబరులో వస్తుంది. ఊళ్లో బడి మధ్యలో మానేసి వచ్చారు, టీసీ లేదు, జూన్‌లో చూద్దామంటారు. జూన్ వచ్చేలోపు పాప తమ్ముడిని చూసుకోవడానికి, అమ్మ వెనక గిన్నెలు కడగడానికి అలవాటు పడిపోతుంది. ఆ తర్వాత బడికి పంపడం చాలా కష్టం.

కాబట్టి జూన్ కోసం ఆగకండి. విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోనంటే కుదరదు. టీసీ రాలేదనీ, వయసు ధ్రువపత్రం లేదనీ తిప్పి పంపకూడదు. వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడి ఉంటే ప్రత్యేకంగా చెప్పాలి. దగ్గరలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకి తల్లితో కలిసి వెళ్లి హెడ్మాస్టర్‌ని కలవండి. గొడవ పడే ధోరణిలో కాదు, వాళ్లకీ పిల్లలు కావాలి. పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం అక్కడే ఉంటాయి. ఒడిశా పిల్లలైతే తెలుగు రాకపోవడం పెద్ద ఇబ్బంది. మొదటి కొన్ని నెలలు బిల్డింగులో ఎవరైనా ఓపికగా అక్షరాలు దిద్దించగలిగితే వాళ్లు నిలబడతారు.

చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్ల ఆరో తరగతి ఈడుకి వచ్చి ఉంటే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం గురించి చెప్పండి, హాస్టల్ అక్కడే. నాలుగో తరగతి చదువుతున్న పిల్లలుంటే గురుకులాల్లో అయిదో తరగతి ప్రవేశ పరీక్ష సంగతి ముందే చెప్పండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు సమయానికి లేక చాలామందికి అక్కడే దెబ్బ పడుతుంది. ఆరేళ్ల లోపు పిల్లలకి అంగన్‌వాడీ. తల్లి గర్భిణి అయినా, బాలింత అయినా తెలంగాణ అంగన్‌వాడీల్లో గుడ్డు, పాలతో పూట భోజనం పెడతారు.

మనవైపు మానుకోవాల్సింది ఒకటుంది. "చిన్నా, పెరుగు ప్యాకెట్ పట్రా", "ఈ ఇస్త్రీ బట్టలు పైన ఇచ్చిరా". ఒక్కో ఫ్లాటుకి అది ఒక్క పని, ఆ పిల్లాడికి ఇరవై ఫ్లాట్లు. 14 ఏళ్ల లోపు పిల్లలచేత ఇళ్లల్లో పని చేయించడం నేరమని అందరికీ తెలుసు, ఇది పని అని మాత్రం ఎవరికీ తోచదు. పిల్లల్ని పనులకి పురమాయించకూడదని గ్రూపులో ఒకసారి స్పష్టంగా రాయండి. వీలైతే లాబీలో ఒక బల్ల, ఒక లైటు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా చదువుకోవడానికి. మన పిల్లలు కూడా వచ్చి కూర్చుంటే కూర్చోనివ్వండి.

మీటింగులో ఎలా నెగ్గాలి

జనరల్ బాడీలో హఠాత్తుగా ఎత్తకండి. ముందు నలుగురైదుగురితో విడివిడిగా మాట్లాడండి, అందులో ఒకరు బిల్డింగులో పెద్దాయనో, పెద్దావిడో అయి ఉండాలి. "అన్నయ్యగారూ, మీరు చెబితే ఎవరూ కాదనరు" అన్న మాట మన దగ్గర ఇంకా పనిచేస్తుంది.

వచ్చే అభ్యంతరాలు ఎక్కడైనా ఒకటే. "అలుసిస్తే నెత్తికెక్కుతారు" అనేవాళ్లతో వాదించొద్దు, మూడేళ్లలో ఎంతమంది వాచ్‌మన్లు మారారో, మారినప్పుడల్లా మోటారు ఎవరు వేశారో గుర్తుచేయండి. "ఇదంతా గవర్నమెంట్ చూసుకోవాలి" అంటే, పైన చెప్పినవన్నీ గవర్నమెంట్ ఇచ్చేవేననీ, అందేలా చూడటమే మన పని అనీ చెప్పండి. "నేను అద్దెకుంటున్నా, నాకెందుకు" అంటే ఆయన్ని వదిలేసి ఓనర్‌తో మాట్లాడండి.

తీర్మానం చిన్నదిగా, అంకెలతో రాయండి. ఇలా:

"వాచ్‌మన్‌కి, ఆయన భార్యకి వేర్వేరు జీతం, ప్రతి నెల 5వ తేదీలోపు వారి వారి ఖాతాల్లో. నెలకి నాలుగు రోజులు సెలవు, బదులు మనిషి ఖర్చు అసోసియేషన్‌ది. ఏటా మేలో ఇద్దరికీ బీమా ప్రీమియం. ఆర్‌డీ నెలకి 500. మ్యాన్‌హోల్, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించరాదు. ప్రతి ఏప్రిల్‌లో జీతం సమీక్ష."

రాత్రి పదకొండు దాటాక హారన్ కొట్టకుండా ఫోన్ చేయడం, శానిటరీ ప్యాడ్లు, పగిలిన గాజు విడిగా కాగితంలో చుట్టి గుర్తు పెట్టి ఇవ్వడం, పనిచేసే ఆవిడలు కూడా లిఫ్టు వాడుకోవడం, కింద బాత్రూమ్ వాళ్లకీ, చెత్త ఆటో వాళ్లకీ తెరిచి ఉంచడం, వీటికి తీర్మానాలు అక్కర్లేదు. లిఫ్టు పక్కన "పనివాళ్లు వాడరాదు" అన్న బోర్డు ఉంటే మాత్రం మీరే తీసేయండి. ఎవరూ అడగరు.

వాళ్లు వెళ్లిపోయే రోజు

ఎంత బాగా చూసుకున్నా ఒకరోజు వెళ్తారు. ఊళ్లో ఇల్లు పూర్తవుతుంది, లేదా పక్క కాలనీలో రెండు వేలు ఎక్కువిస్తామంటారు. నొచ్చుకోనక్కర్లేదు. జీతం బాకీలు ఆ రోజే లెక్క చూసి ఇచ్చేయండి. ఆర్‌డీ పాస్‌బుక్ ఆవిడ చేతికివ్వండి. ఎన్నేళ్లు పనిచేశారో లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం, స్టాంపు వేసి ఇవ్వండి, తర్వాతి చోట అది పనికొస్తుంది. పిల్లల టీసీలు వెళ్లేలోపే తీయించండి. సంవత్సరం మధ్యలో అయితే పరీక్షలయ్యేదాకా పాప ఇక్కడే ఉండి చదువుకునే వీలుందా అని అడిగి చూడండి. ఫోల్డర్‌లో అన్నీ ఉన్నాయో లేదో ఒకసారి వాళ్లతో కూర్చుని సరిచూడండి.

కొత్త కుటుంబం వచ్చేలోపు గదికి సున్నం వేయించి, కరెంటు వైరింగ్ మళ్లీ చూపించండి. వచ్చిన మొదటి వారంలోనే తీర్మానం కాపీ వాళ్ల భాషలో చదివి వినిపించండి. జీతం ఎంత, సెలవులెన్ని, ఏ పనికి "నేను చేయను" అనొచ్చు అన్నది వాళ్లకి మొదటి రోజు నుంచే తెలిసి ఉండాలి.